సంతలో కుంకుళ్లు... ఇంట్లోనే షాంపూ

పాడేరు, అరకు, చింతపల్లి సంతలలో చింతపండు బుట్టల సరసన, కొండచీపురు కట్టల పక్కన, గోనెపట్టా మీద రాశిగా పోసి ఒక ముడుతల కాయ కనిపిస్తుంది. ఎర్రగా, తేనెరంగులో, పట్టుకుంటే వేళ్లకు జిగురు అంటే కాయ. దానికి అటువైపు నల్లబడిన చిక్కుడు కాయల్లాంటి ఎండు కాయలు. మైదాన ప్రాంతం నుంచి వచ్చినవారు పసుపు కొంటారు, మిరియాలు బేరమాడతారు, పిప్పళ్ల ధర అడుగుతారు. ఈ రెండు రాశుల దగ్గర మాత్రం ఆగేవారు తక్కువ. మొదటిది కుంకుడు. రెండోది శీకాయ. మూడు తరాల క్రితం ఈ జిల్లాలో ఏ ఇంట తలంటుకున్నా ఈ రెంటిలో ఒకటి లేకుండా జరిగేది కాదు.

భోగినాడు, ఉగాదినాడు, దీపావళినాడు తలంటు తప్పనిసరి అని నేటికీ పాటిస్తున్న ఇళ్లు ఎన్నో. నువ్వులనూనె పెట్టడం, నలుగు పెట్టడం అలాగే సాగుతున్నాయి. నూనె వదిలించే పని మాత్రం కిళ్లీకొట్టు ముందు దండలా వేలాడే పొట్లానికి అప్పగించేశారు.

షాంపూ అనే మాట దొరల భాషది అనుకుంటాం. నిజానికి అది మన దేశంలోంచి వెళ్లిన మాటే. తల మర్దనకు హిందీలో వాడే ‘చాంపో’ నుంచి అది పుట్టింది. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ 19వ శతాబ్దం తొలి దశకాలలో ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణంలో ‘షాంపూ స్నానాల’ శాల పెట్టి అక్కడి ప్రభువర్గానికి కూడా మర్దన చేయించాడు. ఆ మాట సీసాలోకి దిగి మళ్లీ ఇక్కడికి వచ్చింది. సీసా కొనలేని పల్లెకు దాన్ని పొట్లంలో పెట్టి అందించే పద్ధతిని తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ ప్రచారంలోకి తెచ్చారు. ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో ‘చిక్’ షాంపూ వ్యాపారం ప్రారంభించారు. ఆ తర్వాత పల్లె దుకాణాలలో కుంకుళ్ల డబ్బా వెనక్కు పోయి పొట్లాల దండ ముందుకు వచ్చింది.

పొట్లం షాంపూ విషమని కొందరు ప్రచారం చేస్తుంటారు. అది సరికాదు. వాడిన తర్వాత బాగా కడుక్కుంటే చాలామందికి దానివల్ల హాని ఏమీ లేదు. అయితే పెరట్లో చెట్టు, సంతలో కాయ ఉండి కూడా ఎలా వాడాలో తెలియక పోగొట్టుకోవడం మాత్రం నష్టమే.

నురగ ఎక్కడిది?

కుంకుడు కాయ పైగుజ్జులోను, శీకాయ కాయలోను ‘సపోనిన్లు’ అనే పదార్థాలు ఉంటాయి. నీటిలో పడగానే అవి నురగ కడతాయి. నూనెను, మురికిని చిన్న చిన్న బిందువులుగా విడదీసి నీటితో పోయేటట్టు చేస్తాయి. సబ్బు చేసే పనీ ఇదే. తేడా ఏమంటే సబ్బు క్షారగుణం గలది. దానితో రుద్దితే వెంట్రుక పైపొర గరుకెక్కి జుట్టు చిక్కుపడుతుంది. కుంకుడు, శీకాయల నీరు కొంచెం పులుపు గుణం గలది. తల చర్మం సహజ గుణం కూడా అదే. శీకాయతో తలంటుకున్న జుట్టు దువ్వెనకు లొంగుతుందని ముసలమ్మలు చెప్పే మాటలో ఉన్న కిటుకు ఇది.

ఇంకొక మేలు బోరునీళ్ల ఊళ్లవారు గమనించవలసింది. చవుడు నీళ్లలో సబ్బు నురగ కట్టదు. నీటిలోని సున్నపు లవణాలతో కలిసి తెల్లటి తెట్టుగా మారి జుట్టుకు అంటుకుంటుంది. కుంకుడు రసానికి ఆ బాధ లేదు. ఉప్పునీటి బావి ఉన్న ఊళ్లలోను అది నురగ కడుతుంది. పట్టుచీరలకు, ఉన్నిబట్టలకు, నగలకు పట్టిన మురికికి ఇదే రసం వాడడం పాత అలవాటే.

రసం తీయడంలోనే ఉంది

కుంకుడు వాడి చూసి ‘నురగ రాలేదు, నూనె పోలేదు’ అని విడిచిపెట్టేవారు చాలామంది. వారిలో ఎక్కువమంది స్నానానికి పది నిమిషాల ముందు కాయలు చితక్కొట్టి చన్నీళ్లలో పిసికినవారే. కుంకుడుకు తొందర పనికిరాదు.

పొట్టి జుట్టుకు ఎనిమిది నుంచి పది కాయలు, నడుము దాటిన జడకు పదిహేను నుంచి ఇరవై కావాలి. ముందురోజు రాత్రి ఒక్కొక్క కాయనూ బండ మీద పెట్టి చిన్న రాయితో ఒక్క దెబ్బ వెయ్యాలి. గట్టిగా కొడితే గింజ ఎగిరి ఎక్కడో పడుతుంది, పిల్లలకు ఆట అవుతుంది. లోపలి నల్లగింజలో నురగ ఏమీ లేదు కనుక దాన్ని తీసి పక్కన ఉంచాలి. పారవేయకండి, దాని పని తర్వాత ఉంది. మిగిలిన బెరడును రెండు గ్లాసుల వేడినీళ్లలో వేసి మూతపెట్టి తెల్లవారేదాకా వదిలెయ్యాలి. పొద్దున్నే చేత్తో పిసికితే గుజ్జు కరిగి రసం చిక్కబడుతుంది. దానిని తప్పనిసరిగా పల్చటి నూలుగుడ్డలో వడకట్టాలి. వడకట్టకుండా పోసుకుంటే పొట్టు జుట్టులో ఇరుక్కుని రెండు రోజులపాటు దువ్వెనకు తగులుతూ ఉంటుంది.

తల ముందు మామూలు నీళ్లతో తడపాలి. రసం రెండుసార్లుగా పోసుకోవాలి. మొదటిసారి నురగ రాదు. రానక్కరలేదు కూడా. అది నూనెను విరవడానికి. ఒకసారి కడిగి రెండోసారి పోసి రుద్దితే నురగ దానంతట అదే వస్తుంది. నురగ ఎంత ఎక్కువ వస్తే అంత శుభ్రం అన్న నమ్మకం పొట్లాలు నేర్పింది. నూనె జిడ్డుగా ఓడేటట్టు పట్టించి, గంటలో కుంకుడుతో పోగొట్టాలనుకుంటే కుదరదు. నూనె తగ్గించాలి, లేదా రసంలో రెండు చెంచాల శనగపిండి కలపాలి.

జుట్టు ఎండుగా, బిరుసుగా ఉన్నవారికి కుంకుడు ఒక్కటే వాడితే మరింత ఎండిపోతుంది. వీరికి మందారాకు మంచి తోడు. పెరటి మందారం ఆకులు గుప్పెడు కోసి నీళ్లలో నలిపితే గుడ్డుసొనలాగా జిగురు వస్తుంది. ఆ జిగురును రసంలో కలిపినా సరే, చివర పట్టించి కడిగినా సరే. మందారం లేనిచోట రెండు చెంచాల మెంతులు రాత్రి నానబెట్టి రుబ్బుకుంటే అదే గుణం. అదీ లేకపోతే అన్నం వార్చిన గంజి ఉండనే ఉంది. దానికి పైసా ఖర్చు లేదు.

పొడి కొట్టి పెట్టుకునేవారికి

వారం వారం కాయలు నానబెట్టే ఓపిక లేని ఇళ్లలో శీకాయపొడి నయం. కిలో శీకాయకు పావుకిలో పెసలు, పావుకిలో మెంతులు, పావుకిలో గింజ తీసిన ఎండు ఉసిరి, గుప్పెడు ఎండిన మందారాకు. వాసన కావాలనుకునేవారు కచ్చూరాలు, వట్టివేళ్లు ఏబై గ్రాముల చొప్పున చేరుస్తారు. గులాబీ రేకులు, ఎండబెట్టిన నారింజ తొక్కలు వేసేవారూ ఉన్నారు. అవన్నీ ముచ్చటకే. శుభ్రం చేసేది శీకాయ.

శీకాయను విరిస్తే టప్పున విరిగేదాకా ఎండబెట్టాలి. తడి ఉంటే పొడి నెలలోపే బూజు పట్టి ఉండలు కడుతుంది. బూజు పట్టిన పొడిని మళ్లీ ఎండబెట్టి వాడడం మంచిది కాదు, పారవేయడమే దారి. పట్టించేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. దాని ధూళి పీల్చినవారు తుమ్మీ తుమ్మీ నీరసపడతారు. పిండిమరల వారు శీకాయను చూసి ముఖం చిట్లిస్తారంటే అందులో వారి తప్పులేదు. శీకాయ ఆడిన వెంటనే ఎవరైనా బియ్యం పోస్తే ఆ ఇంట ఆ పూట అట్లు చేదు! అందుకే సాయంత్రం మర కట్టేసే వేళ తీసుకువెళ్లి, చివర గుప్పెడు నూక ఆడించి మర శుభ్రం చేయించడం మర్యాద.

పొడి డబ్బా వంటింట్లో పెట్టరాదు. చూపుకు అది ధనియాలపొడిలాగే ఉంటుంది. డబ్బాపై పేరు రాసి స్నానాలగది దగ్గర, పిల్లలకు అందని ఎత్తులో ఉంచాలి.

బజారులో పొడిగా కొనేటప్పుడు మోసపోయే అవకాశం ఎక్కువ. అందులో ఏం కలిపారో కంటికి తెలియదు. శీకాయను కాయగా, కుంకుడును గింజతోనో బెరడుగానో చూసి కొనుక్కోవడం క్షేమం. గింజతో కొంటే బరువులో సగానికి కాస్త అటూ ఇటూగా గింజే తూగుతుంది కనుక ధర బేరమాడేటప్పుడు ఆ లెక్క మరచిపోరాదు.

సీసాలో నిలవ ఉంటుందా?

వంద గ్రాముల కుంకుడు బెరడు, యాభై గ్రాముల శీకాయ, పాతిక గ్రాముల ఎండు ఉసిరి, ఒక చెంచా మెంతులు లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, మర్నాడు సన్నసెగ మీద సగం అయ్యేదాకా మరిగించి, చల్లారాక పిసికి వడకడితే గోధుమరంగు ద్రవం వస్తుంది. ఇదే ఇంటి షాంపూ. గిన్నె సగానికి మించి నింపరాదు. పాలకంటె వేగంగా పొంగి పొయ్యి ఆర్పేస్తుంది. స్టీలు గిన్నె గాని, మట్టికుండ గాని వాడాలి. ఇనుప మూకుడులో కాస్తే ఉసిరి వల్ల నల్లగా మారుతుంది. చెడిపోయినట్టు కాదు గాని తువ్వాలుకు మరక పడుతుంది.

ఈ ద్రవం మార్కెట్టు షాంపూలా చిక్కగా ఉండదు, నీళ్లలా ఉంటుంది. నిలవ కూడా ఉండదు. వేసవిలో రెండు రోజులు, ఫ్రిజ్ ఉంటే వారం. పులిసిన వాసన వచ్చినా, పైన తెర కట్టినా తలకు పెట్టుకోరాదు. ఆరు నెలలు నిలవ ఉంటుందని ఎవరైనా సీసాలో అమ్మితే అందులో నిలవ మందు కలిపి ఉండాలి, లేదా చెప్పేది అబద్ధమై ఉండాలి.

మొదటిసారి వాడేవారు కొద్దిగా ద్రవం మోచేతి మడతలో రాసుకుని ఒక రోజు చూడాలి. దురద, దద్దురు వస్తే ఆ దినుసు తమకు పడదన్నమాట. చెట్టుకాయ అయినంత మాత్రాన అందరికీ పడాలని లేదు.

కళ్లు జాగ్రత్త

కుంకుడు రసం కంట్లో పడితే ఎలా మండుతుందో ఈ జిల్లాలో పెరిగిన ప్రతి ఒక్కరికీ తెలుసు. పండుగపూట పిల్లలు పెట్టే కేకలు వీధి చివరిదాకా వినిపించేవి. ఏడ్చే పిల్లవాడి నోట్లో ఉప్పుకల్లు పెట్టడం, అరచేతిలో ఉప్పు పట్టుకోమనడం ఇళ్లలో ఆచారం. నోట్లో ఉప్పు పెడితే పిల్లవాడి ధ్యాస మళ్లుతుందేమో గాని కంటికి ఒరిగేదేమీ లేదు. నూనెచుక్క వేయడం, చనుబాలు పిండడం, పసుపునీళ్లు చల్లడం ఇంకా ప్రమాదం. చేయవలసింది ఒక్కటే. రెప్పలు తెరిచి పట్టుకుని శుభ్రమైన మంచినీళ్లు పది, పదిహేను నిమిషాలు ధారగా పోయాలి. కన్ను నలపనీయరాదు. ఆ తర్వాత కూడా ఎరుపు, నొప్పి, మసక ఉంటే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. కంటి నల్లగుడ్డు మీద పుండు పడితే చూపుకే ముప్పు. చంటిపిల్లలకు కుంకుడు వద్దు, పెసరపిండి చాలు. కాస్త పెద్ద పిల్లలకైతే పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి పోయాలి.

కాలువల మీద, చెరువు గట్టు మీద తలంటుకునే అలవాటున్న ఊళ్లవారికి ఒక మాట. సపోనిన్లు చేపకు విషం. మొప్పల ద్వారా లోపలికి చేరి ప్రాణం తీస్తాయి. రొయ్యల చెరువులలో పిచ్చిచేపలను చంపడానికి వాడే తేయాకు గింజల పిండిలో ఉన్నవి కూడా ఈ జాతి పదార్థాలే. పిప్పిని చేపల కుంటలో పారబోయకుండా ఎరువుగుంతలో వేయాలి.

కుంకుడు చేయలేనివి కొన్ని ఉన్నాయి. అది తెల్లజుట్టును నల్లబరచదు. పేలను చంపదు. దానికి పేలదువ్వెన, ఇంటిల్లిపాదికీ ఒకేసారి వైద్యం కావాలి. బట్టతల మీద వెంట్రుక మొలిపించదు. కాన్పు తర్వాత కొద్ది నెలలకు జుట్టు రాలడం మామూలే, చాలామందికి తిరిగి వస్తుంది. కాని ఆడవారికి అదేపనిగా జుట్టు రాలుతూ, ఆయాసం, నీరసం కూడా ఉంటే రక్తహీనత కారణం కావచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోవాలి. పిల్లల తలలో గుండ్రంగా జుట్టు ఊడి పొలుసులు కడితే అది తామర. పైపూతలతో తగ్గదు, లోపలికి మందు వాడాలి. ఇలాంటి వాటికి నెలల తరబడి ఆకులు రుబ్బి పూసి కాలయాపన చేయడం తగదు.

కాయ ఏరినవారికి ఏమొస్తుంది?

చవక కోసం కుంకుడుకు మారదామనుకునేవారు ముందు లెక్క వేసుకోవాలి. అయిదుగురున్న కుటుంబం వారానికొకసారి తలంటుకుంటే, మనిషికి పన్నెండు కాయల చొప్పున ఏడాదికి మూడు వేల పైచిలుకు కాయలు కావాలి. పట్నంలో కిరాణాకొట్టు ధరకు కొంటే పొట్లాలకంటె చవక పడుతుందని చెప్పలేం. సంతలో నేరుగా కొన్నా, ఇంటి చెట్టు కాసినా మాత్రం లాభం కనిపిస్తుంది.

అయితే ఆ సంత ధర ఏజెన్సీలో చాలా కుటుంబాలకు ఉప్పు, పప్పు కొనుక్కునే డబ్బు. శీకాయ ముళ్ల తీగ. పెద్ద చెట్ల మీదికి పాకుతుంది. కొక్కెం కట్టిన గెడతో కాయ రాల్చి, చేతులు గీరుకుపోగా ఏరి, ఎండబెట్టి, కావడిలో సంతకు దించుతారు. తొందరపడి తీగనే నరికి కాయ దులిపితే మరుసటి ఏడాది ఆ చోట కాపు ఉండదు. పచ్చితేమ ఉన్న కాయకు తూకంలో కోత పడుతుంది. ఒక ఎండ ఎక్కువ పెట్టి తేవడమే మేలు.

గిరిజనుల అటవీ ఉత్పత్తుల కొనుగోలుకు 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. విశాఖపట్నం దాని ప్రధాన కేంద్రం. కుంకుడు, శీకాయ దాని కొనుగోలు జాబితాలోవే. షెడ్యూల్డు ప్రాంతాలలో చిల్లర అటవీ ఉత్పత్తుల వ్యాపారాన్ని నియంత్రిస్తూ 1979లో రెగ్యులేషన్ వచ్చింది. ఆ ఉత్పత్తులపై గ్రామసభలకు యాజమాన్యాన్ని 1996 నాటి ‘పెసా’ చట్టం గుర్తించింది. వాటిని సేకరించి అమ్ముకునే హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టం కుటుంబాలకు రాసి ఇచ్చింది. కాగితం మీద ఇన్ని ఉన్నా, ముందే అప్పిచ్చి కాయ కాయకముందే ధర కట్టే షావుకారు ముందు ఆ హక్కు నోరు మెదపలేకపోతోంది. సంతకు దించేముందు ఆ వారం డిపో ధర ఎంతో కనుక్కుని రావడం, తూకం కళ్లెదుట చూసుకోవడం అమ్మేవారి చేతిలో ఉన్న పని. గింజ తీసి బెరడుగా అమ్మితే ధర ఎక్కువ పలుకుతుంది. ఆ గింజ తీసే కూలి ఊళ్లోనే మిగులుతుంది.

పొడి కొట్టి పొట్లాలు కట్టి అమ్ముదామని మహిళా సంఘాలు ముందుకు వస్తున్నచోట ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. ఇంటివాడకానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. తలకు, ఒంటికి పూసే సరుకుగా తయారుచేసి అమ్మాలంటే 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, 2020లో వచ్చిన సౌందర్య సాధనాల నిబంధనల కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు ఉండాలి. పొట్లంపై తయారీదారు పేరు, చిరునామా, బరువు, వాడవలసిన గడువు ముద్రించాలి. ‘జుట్టు రాలదు’, ‘చుండ్రు నయమవుతుంది’ వంటి మాటలు రాస్తే అది మందు కిందికి వస్తుంది, చిక్కులు వేరే. సరుకు తయారయ్యాక తనిఖీవారు వచ్చి ఆపేకంటె ముందుగా జిల్లా గ్రామీణాభివృద్ధి కార్యాలయంలోనో, ఐ.టి.డి.ఎ.లోనో అడిగి తెలుసుకోవడం తెలివి.

పక్కన పెట్టిన గింజ

కుంకుడు చెట్టుకు పెద్ద సాగు అక్కరలేదు. ఎర్రనేలల్లో, గట్ల మీద, ఇంటి వెనుక పెరుగుతుంది. ఒకసారి నిలదొక్కుకుంటే నీరు అడగదు. గింజ మొక్క కాపుకు రావడానికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది. అంటుమొక్క అంతకంటె ముందే కాస్తుంది. కాపుకు వచ్చాక తరాల తరబడి కాస్తూనే ఉంటుంది. ఇళ్లస్థలాలు ఇరుకై, గోడలు లేచి, పాత చెట్లు కట్టెలుగా పోయిన ఊళ్లలో కొత్తవి నాటినవారు తక్కువ.

తలంటు రోజున పక్కన పెట్టిన నల్లగింజలలో పుచ్చు లేనివి, నీటిలో మునిగేవి ఏరుకోవాలి. పై పెంకు గట్టిది కనుక గరుకు రాయి మీద ఒకవైపు కాస్త అరగదీసి, గోరువెచ్చని నీళ్లలో ఒక రోజు నానబెట్టాలి. సగం మట్టి, సగం పశువుల ఎరువు నింపిన సంచిలో అంగుళం లోతున ఒక్కొక్కటి వేసి, రోజు విడిచి రోజు నీరు చిలకరించాలి. అన్నీ మొలవవు. పదికి ఇరవై వేసుకోవడం మంచిది. జూన్ వానలకు ముందు సంచిలో వేసిన గింజ మరుసటి ఏడాది తొలకరికి పెరట్లో నాటడానికి మొక్కగా సిద్ధమవుతుంది. మొదటి రెండు వేసవులు కుండెడు నీళ్లు, చుట్టూ ముళ్లకంప ఉంటే చాలు.